జిల్లాలోకెల్లా బలహీనమైన అమ్మాయి

నీలవేణి మల్బరీ ఆకు తరుగుతోంది. తడి గోనెపట్ట కింద దాచిన ఆకును గుప్పెళ్ళుగా తీసి, కత్తిపీట మీద సన్నగా కోసి, వెదురు తట్టల్లో పాకుతున్న పట్టుపురుగుల మీద పలచగా చల్లుతోంది. చల్లిన చోటల్లా పురుగులు ఆకును పట్టుకుంటున్నాయి. ఎవరో పక్కనే కూర్చుని కాగితాలు తిరగేస్తున్నట్టు గదంతా చిన్న చప్పుడు.

కాగితం నిజంగానే ఒకటి ఆమె పుస్తకాల సంచి మీద ఉంది. శనివారం బళ్ళో ఇచ్చారు. సోమవారం, అంటే ఈ రోజే, నింపి ఇవ్వాలి. పేరు, ఊరు, తరగతి నింపేసి నాలుగో గడి దగ్గర ఆగిపోయింది. అక్కడ 'విద్యార్థి బలహీనత' అని ఉంది.

"ఏమి మే, రెండు దినాల నుంచి ఆ కాయితం దిక్కే చూస్తాండావు?" అంది అవ్వ కదిరమ్మ, తట్ట అంచు మీదికి పాకిన పురుగును వేలితో లోపలికి తోస్తూ.

"నాకేం బలహీనత ఉండాదో రాయల్లంటవ్వా."

"బలైనతంటే?"

"మనిషిలో ఉండే కొరత."

అవ్వ ఆలోచించింది. "మీ యమ్మకు నోరు. మీ నాయనకు నిద్ర. నాకు మోకాళ్ళు. నీకేముండాదే?"

"నాకు నోరా?" వంటింట్లోంచి నీలవేణి తల్లి ఈశ్వరమ్మ గొంతు వచ్చింది. "ఈ ఇంట్లో నోరు ఎవురికి ఉండాదో ఊరంతా తెల్సులే అత్తా!"

"చూస్తివా? రాసుకో," అంది అవ్వ.

ఈశ్వరమ్మ చేతులు తుడుచుకుంటూ గడప దాకా వచ్చింది. "ఏదో ఒకటి రాసిచ్చేయ్ మే. అది లేకుంటే హాల్ టికెట్ రాదంట. నా మాదిరి చేసుకోవాకు."

ఈశ్వరమ్మ పుట్టింట్లోనూ పురుగులే. ఆమె పదో తరగతి పరీక్షల వారమే పురుగులు గూళ్ళు కట్టడానికి పండాయి. ఇంట్లో చేతులు చాల్లేదు. పరీక్ష ఆగిపోయింది, ఆ తర్వాత పెళ్ళయింది. పదో తరగతి పరీక్ష రాయబోయే మొదటి మనిషి ఆ ఇంట్లో నీలవేణే.

ఆ ఇంటి పద్ధతి కూడా ఒకటి చెప్పాలి. ముందుగది పురుగులది. మనుషులు వసారాలోనూ వంటింట్లోనూ సర్దుకుంటారు. పట్టుపురుగు తన నెల్లాళ్ళ బతుకులో నాలుగుసార్లు మేత మానేసి, తల పైకెత్తి, కదలకుండా కూర్చుంటుంది. పాత చర్మం వదిలి లేచేదాకా ఒక రోజో, రోజున్నరో అంతే. దాన్ని అక్కడివాళ్ళు జ్వరం అంటారు. పురుగులు జ్వరానికి కూర్చుంటే కదిరమ్మ ఇంట్లో ఎవరూ గొంతెత్తకూడదు, తలుపు గట్టిగా వేయకూడదు, తాలింపు పెట్టకూడదు, వాసన నూనె రాసుకోకూడదు. శాస్త్రం ఏమంటుందో గాని, కదిరమ్మ నలభై ఏళ్ళుగా ఇదే అంటోంది. ఆమె పంట ఎప్పుడూ పోలేదు కాబట్టి శాస్త్రాన్ని ఎవరూ అడగలేదు.

నాలుగో గడి ఖాళీగానే నీలవేణి బడికి వెళ్ళింది.

*

బళ్ళో ఆ వారం 'సర్వ బాల వికాస పథకం' మొదలైంది. పథకం ఇరవై రెండు పేజీలు. దాన్ని పూర్తిగా చదివిన మనిషి ఆ బళ్ళో నీలవేణి ఒక్కతే. రాత బాగుంటుందని నోటీసు బోర్డుకు ఎత్తి రాసే పని హెడ్మాస్టరు ఓబులేసు ఆమెకే అప్పగించాడు.

'బలహీనత లేని బాలలు ఉండరాదు' అని రెండో నిబంధన. 'ఏ విద్యార్థికైనను బలహీనత లేదని తేలినచో సదరు సర్వే సక్రమముగా జరగలేదని భావించబడును' అని మూడోది. ఒక్కొక్క పిల్లవాడి బలహీనతను ముందు రికార్డు చేయాలి. అది పూర్వస్థితి. తర్వాత మూడు రోజుల శిబిరం. ఆపైన మళ్ళీ రికార్డు చేయాలి. అది ఉత్తరస్థితి. రెండింటి మధ్య తేడాకు వికాసమని పేరు. వికాసం నమోదు కానివారికి హాల్ టికెట్ వెలువడదు.

ఇదంతా నడిపేది 'వికాసిని' అనే ఫోన్ యాప్. దాన్ని తెచ్చినవాడు ప్రభంజన్ అనే శిక్షకుడు. అతనికంటే ముందు అతని సెంటు వాసన వచ్చింది. గదిలో నలభై మందే ఉన్నా చెవి పక్కన మైకు పెట్టుకున్నాడు.

"పిల్లలూ! మీలో ఒక పులి నిద్రపోతోంది! ఎస్సా, నోనా?"

పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ముందు బెంచీ రుక్సానా మర్యాదకు "ఎస్ సార్" అంది.

"ఆ పులిని లేపాలి! ముందుగా ప్రమాణ స్వరం!"

ప్రమాణ స్వరం తొమ్మిదో నిబంధన. పరీక్ష ఎక్కడ జరిగినా, ముందు శిక్షకుడు ఆ చోట నిలబడి 'నేను మారాను' అని ఫోన్‌లో చెప్పాలి. ఆ చోటికి అదే కొలబద్ద. తర్వాత పిల్లల గొంతు అందులో ఎంత శాతం ఉందో యాప్ లెక్క కడుతుంది. ప్రభంజన్ గుండెనిండా గాలి పీల్చి "నేను మారాను!" అని అరిచాడు. బడి కప్పు మీది కాకులు లేచిపోయాయి. 'ప్రమాణ స్వరం నమోదైనది' అని ఫోన్ చూపించింది.

ఫారాలు తిరగేస్తూ అతను నీలవేణి దగ్గర ఆగాడు.

"ఇది ఖాళీగా ఉందేంటమ్మా?"

"ఆలోచించాను సార్. ఏమీ దొరకలేదు."

"స్టేజి ఫియర్ లేదూ?"

"రోజూ ప్రార్థనలో ప్రతిజ్ఞ నేనే చెప్పిస్తాను సార్."

"కోపం?"

"పురుగులున్న ఇంట్లో కోపం కుదరదు సార్."

"పనులు వాయిదా వేయడం?"

"ఆకు వాయిదా వేస్తే పురుగులు చస్తాయి సార్."

ప్రభంజన్ జాలిగా నవ్వాడు. "చూడమ్మా, తన బలహీనత తనకు తెలియకపోవడమే అన్నిటికన్నా పెద్ద బలహీనత."

"అయితే అదే రాసుకోండి సార్," అంది నీలవేణి.

అతను ఫోన్‌లో వెతికాడు. పైకి జరిపాడు, కిందికి జరిపాడు. "ఇందులో పన్నెండే ఉన్నాయి. అది లేదు," అన్నాడు, కొంచెం చిన్న గొంతుతో.

ఓబులేసు సార్ ముందుకొచ్చి వరసలో మొదటిది నొక్కేశాడు. వేదిక భయం. రోజూ మూడు వందల మంది ముందు ప్రతిజ్ఞ చెప్పించే అమ్మాయికి ఆ క్షణం నుంచి వేదిక భయం ఉంది.

*

మంగళవారం మండల వికాస సమన్వయకర్త విశాలాక్షి మేడం ఫోన్ చేసింది. ఓబులేసు సార్ లేచి నిలబడి మాట్లాడాడు. స్పీకర్ ఆపడం ఆయనకు రాదు గనక బడంతా విన్నది.

"మీ పాఠశాల పూర్వస్థితి ఏమాత్రం ఆశాజనకంగా లేదండీ. పక్క మండలంలో తొంభై ఒక్క శాతం బలహీనత సాధించారు. మీరు ముప్ఫై నాలుగు దగ్గరే ఆగిపోయారు. ఏం చేస్తున్నారు మీరంతా?"

"మా పిల్లలు కొంచెం... బాగుంటారు మేడం."

"సాకులు చెప్పకండి. కింద లేని పిల్లల్ని పైకి ఎలా తెస్తామండీ? శుక్రవారం లోపల పూర్వస్థితి సంతృప్తికరంగా దిగజారాలి. అవసరమైతే ప్రత్యేక తరగతులు పెట్టండి."

ప్రత్యేక తరగతులు పెట్టారు. టైం టేబుల్ కూడా నీలవేణే రాసింది. మొదటి పీరియడు వేదిక భయం, రెండోది కోపం, మూడోది బద్ధకం, భోజనం తర్వాత ఆత్మన్యూనత.

కోపం లెక్కల సార్ చెప్పాడు. ఆయనకు పుస్తకం చూడాల్సిన పని రాలేదు. బద్ధకం డ్రిల్లు సార్‌కి ఇచ్చారు. తరగతికి వచ్చినవాళ్ళందరినీ ఫెయిలు చేసి, రానివాళ్ళకు ఫస్టు మార్కులు వేశాడు. ఆత్మన్యూనత పీరియడులో, ఎప్పుడూ క్లాసు ఫస్టు వచ్చే పిల్ల "నా వల్ల కాదు సార్" అని ఏడ్చి, ఆ ఏడుపుతోనే అందులోనూ ఫస్టు వచ్చింది.

చిక్కల్లా రుక్సానాకి వచ్చింది. ఆమెది వాయిదా వేసే బలహీనత. ఆ ఫారం బుధవారం సాయంత్రంలోగా ఇవ్వాలన్నారు. బుధవారమే ఇచ్చింది. చెప్పిన వేళకు ఇచ్చింది కాబట్టి ఆ బలహీనత లేదని తిప్పి పంపారు. గురువారం ఇస్తే గడువు దాటిందని తీసుకోలేదు.

"ఇప్పుడు నేనేమి చేయల్ల మే?" అంది రుక్సానా.

"కోపంలోకి మారిపో," అంది నీలవేణి.

"కోపం నిన్ననే నిండిపాయనంట. సీట్లు లేవు."

గురువారం ఒక పిల్లవాడి తండ్రి బడికి వచ్చాడు. "సార్, మావాడు రెండు దినాలుగా కంచం తంతాండాడు. వాళ్ళమ్మను నువ్వెవరు అంటాండాడు. బళ్ళో ఏమి నేర్పిస్తాండారు సార్?"

ఓబులేసు సార్ ఆయన చేయి పట్టుకుని గట్టిగా ఊపాడు. "మీ వాడు స్కూల్ ఫస్టండీ."

తండ్రి వచ్చినంత కోపంగానే వెళ్ళలేకపోయాడు. గేటు దగ్గర ఇద్దరికి ఆ సంగతి చెప్పుకున్నాడు కూడా.

వేదిక భయం ఓబులేసు సారే చెప్పాడు. బల్ల మీద నిలబడి, విశాలాక్షి మేడం ఫోన్ మోగినట్టు ఒక్కసారి తలుచుకునేవాడు. మోకాళ్ళు చక్కగా వణికేవి. పిల్లలు చూసి నేర్చుకున్నారు. నీలవేణికి మాత్రం రాలేదు. కాళ్ళు వణికిస్తే గొంతు పైకి లేచేది, గొంతు దించితే మాట స్పష్టంగా వచ్చేది. నాలుగుసార్లు చేయించారు. నాలుగుసార్లూ ఫోన్ ఒకటే చూపించింది: 'క్షమించవలెను. మీ బలహీనత సరిపోలేదు. మరల ప్రయత్నించండి.'

"మూడేళ్ళ నుంచి గట్టిగా చదవమ్మా, గట్టిగా చదవమ్మా అని నీ వెంట పడింది నేనే," అన్నాడు ఓబులేసు సార్, బల్ల అంచున కూర్చుని. "నా తప్పే. రేపు సాయంత్రంతో పూర్వస్థితి మూసేస్తారు తల్లీ. నీ పేరు దగ్గర ఖాళీ ఉంటే హాల్ టికెట్ రాదు. ఈ బళ్ళో గ్యారంటీగా ప్యాసయ్యేది నువ్వు, పరీక్షకు పోలేనిదీ నువ్వే అయ్యేటట్టున్నావు."

*

నీలవేణి ఇంటికి వచ్చేసరికి గడపలో అవ్వ నిలబడి, పెదాల మీద వేలు పెట్టుకుంది. లోపల పురుగులు జ్వరానికి కూర్చుంటున్నాయి. మూడో జ్వరం. అవ్వ వాటి మీద సున్నప్పొడి పలచగా చల్లి వచ్చింది.

"ఏమన్నారు మే?" అంది అవ్వ గుసగుసగా.

"రాలేదవ్వా. నాకు భయం రాలేదు," అంది నీలవేణి.

ఆ మాట ఆమె చెవికే సరిగా వినపడలేదు. ఆమె గొంతు దారిలో ఎక్కడా తగ్గలేదు. గడప దగ్గర దానంతటది తగ్గింది. పుట్టినప్పటి నుంచీ తగ్గుతూనే ఉంది, ఆమె ఎప్పుడూ గమనించలేదు.

"అవ్వా, రేపు బడికి ఒక తట్ట ఇస్తావా?"

"జొరంలో ఉండే తట్ట గడప దాటేదా! మతి ఉండే మాట్లాడుతాండావా?" గుసగుసలో కూడా తిట్టడం అవ్వకు వచ్చు.

"పరీక్ష కోసమవ్వా."

అవ్వ మాట్లాడేలోపలే ఈశ్వరమ్మ అటక మీదినుంచి అన్నిటికన్నా చిన్న తట్ట దింపింది. నూరు పురుగులున్న ఆకు పరుపును కింద కాగితంతో సహా నెమ్మదిగా అందులోకి జరిపింది. పాత చీర ముక్క కప్పింది. అత్త వైపు చూడలేదు.

శుక్రవారం పరీక్ష బడి వేదిక మీదికి మారింది. ప్రభంజన్ అక్కడ కొత్తగా ప్రమాణ స్వరం అరిచి, కిందికి దిగి, బయటికి వెళ్ళాకే నీలవేణి తట్ట తెచ్చి బల్ల మీద పెట్టింది. చీర ముక్క తీసింది. నూరు పురుగులు తలలెత్తి కదలకుండా కూర్చుని ఉన్నాయి. ఓబులేసు సార్ ఫోన్ పట్టుకున్నాడు.

"నేను మారాను," అంది నీలవేణి. పక్కన నిలబడ్డ రుక్సానాకే వినపడలేదు.

ఫోన్ ఆకుపచ్చగా వెలిగింది. 'అభినందనలు! అతి తీవ్రమైన బలహీనత నమోదైనది. రెండు శాతం.'

ఓబులేసు సార్ కళ్ళు తుడుచుకున్నాడు. సాయంత్రానికి విశాలాక్షి మేడం ఫోన్ వచ్చింది. జిల్లాలో నలభై వేల మంది పిల్లల్లో అంత తక్కువ ఎవరికీ రాలేదు. మర్నాడు పొద్దున ప్రార్థనలో నీలవేణికి శాలువా కప్పారు. ఆమె వేదిక భయం గురించి రెండు మాటలు మాట్లాడమంటే, మైకు తీసుకుని చక్కగా మాట్లాడింది. అందరూ చప్పట్లు కొట్టారు. బస్సు స్టాపు దగ్గర ఫ్లెక్సీ లేచింది: 'జిల్లాలోకెల్లా బలహీన విద్యార్థిని కుమారి నీలవేణికి హార్దిక శుభాకాంక్షలు.'

"మన పిల్ల బొమ్మ ఏంటికేసినారప్పా?" అని కదిరమ్మ టీ అంగడి దగ్గర అడిగింది.

"జిల్లా ఫస్టంటవ్వా."

"దేంట్లో?"

అంగడివాడు పాలు పొంగుతున్నాయని లోపలికి పోయాడు.

*

శని, ఆది, సోమ వారాలు శిబిరం జరిగింది. పిల్లలు బుడగల మీద తమ బలహీనతలు రాసి పగలగొట్టారు. అద్దంలో చూసుకుని తమను తాము క్షమించుకున్నారు. కళ్ళు మూసుకుని లోపలి పులిని పలకరించారు. బద్ధకం ఫస్టు వచ్చినవాళ్ళు మూడు రోజులూ రాలేదు. వాళ్ళను ఎవరూ ఏమీ అనలేకపోయారు.

చివరి రోజు ప్రభంజన్ నీలవేణిని పిలిచాడు. "నువ్వే మా స్టారు! రెండు శాతం నుంచి నూరు శాతం! రాష్ట్రమంతా చూపిస్తాం. నీ ఉత్తరస్థితి గురువారం. ఆ పురుగుల తట్ట మళ్ళీ తీసుకురా."

"తట్ట ఎందుకు సార్?"

"పదిహేడో నిబంధన. పూర్వస్థితి, ఉత్తరస్థితి ఒకే పరిస్థితుల్లో ఉండాలి. ఆ రోజు వీడియోలో పురుగులున్నాయి. నిద్రపోతున్నాయి. సేమ్ టు సేమ్ కావాలి. వాటి ముందు నిలబడి గట్టిగా అరవాలి నువ్వు. అంతే, హాల్ టికెట్ నీ చేతిలో!"

బడికి పోయి వచ్చిన నూరు పురుగుల్లో పదకొండు జ్వరం నుంచి లేవలేదు. అవ్వ అప్పటికే వాటిని చేటలో వేసి నీలవేణికి చూపించి, ఒక్క మాటే అంది. "ఇంక తట్ట గడప దాటదు."

ఆ మాట నీలవేణి ప్రభంజన్‌కి చెప్పింది.

"అయితే మేమే మీ ఇంటికి వస్తాం! లైవ్!"

"గురువారానికి పురుగులు జ్వరానికి కూర్చుంటాయి సార్. నాలుగో జ్వరం. అన్నిట్లోకీ అదే పెద్దది."

"జ్వరమైతే మాత్ర వేయండమ్మా. నెగెటివ్‌గా ఆలోచించకు!"

నీలవేణి లెక్క తప్పలేదు. గురువారం తెల్లారేసరికి పురుగులు ఒక్కొక్కటే తలెత్తి ఆగిపోతున్నాయి. ముందుగది నిండా అటూ ఇటూ తట్టల వరసలు. ఈసారి నూరు కాదు, ముప్ఫై వేలు. ఇల్లంతా గుసగుసల్లోకి దిగింది.

"గట్టిగా అరిచేయ్ మే," అంది ఈశ్వరమ్మ, జడ వేస్తూ. "పురుగులు పోతే ఇంకో పంట పెట్టుకుంటాం. పరీక్ష పోతే ఏమవుతుందో నన్ను చూసి తెలుసుకో."

నీలవేణి అవ్వ వైపు చూసింది. అవ్వ సున్నప్పొడి చల్లుతూనే ఉంది. అరవమనలేదు, వద్దనలేదు. కదిరమ్మ ఏమీ అనకపోవడం ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

ఆ ముందు రోజు సాయంత్రం నీలవేణి బళ్ళో నోటీసు బోర్డు ముందు చాలాసేపు నిలబడింది. ఇరవై రెండు పేజీలూ తన రాతే. తొమ్మిదో నిబంధన రెండుసార్లు చదువుకుని ఇంటికి వచ్చింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పినా, కాగితంలో ఉన్నదే జరుగుతుందని ఎవరు నమ్ముతారు?

*

పదకొండు గంటలకు జీపు వచ్చింది. అవ్వ దాన్ని వీధి మలుపులోనే ఆపించింది. ప్రభంజన్, విశాలాక్షి మేడం, ఓబులేసు సార్ నడిచి వచ్చారు. గడప ముందు సున్నపు నీళ్ళ బకెట్టు పెట్టి అవ్వ నిలబడింది.

"కాళ్ళు," అంది.

ముగ్గురూ కడుక్కున్నారు. అవ్వ ప్రభంజన్ దగ్గరికి వచ్చి వాసన చూసింది.

"ఇదేమప్పా, పెండ్లికొడుకు మాదిరి? ఈ వాసనకు పొద్దుమునిగే తలికి పురుగులన్నీ చచ్చి పండుకుంటాయి. పో, సోపుతో మొగం, చేతులు కడుక్కోని రా. ఆ కోటు ఇప్పి ఆడ తగిలించు."

"అమ్మా, ఇది నా బ్రాండింగ్..."

"ఏదైనా సరే, ఇప్పు."

కోటు విప్పాడు. మొహం కడుక్కున్నాడు. అవ్వ కొడుకు పంచె ఒకటి తెచ్చి అతని భుజాల మీద కప్పింది. చెవి పక్క మైకు కూడా తీయించింది. విశాలాక్షి మేడం ఎవరూ చెప్పకముందే జడలో మల్లెపూలు తీసి గోడ మీద పెట్టింది. ఓబులేసు సార్ అప్పటికే గుసగుసగా మాట్లాడుతున్నాడు.

లోపల మసక వెలుతురు. గాలికి తడి ఆకు వాసన. తట్టల నిండా తెల్లటి పురుగులు, అన్నీ తలలు ఒకే ఎత్తున లేపి, ఒక్కటీ కదలకుండా.

"సదరు విద్యార్థిని యొక్క ఉత్తరస్థితి ధ్రువీకరణ నిమిత్తం..." అని మొదలుపెట్టింది విశాలాక్షి మేడం. అవ్వ పెదాల మీద వేలు పెట్టింది. ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో మొదటిసారి ఆమె వాక్యం సగంలో ఆగిపోయింది. మిగతా సగం ఆమె కూడా వెతుక్కోలేదు.

వంటింటి గుమ్మంలో ఈశ్వరమ్మ కొంగు పిడికిట్లో పట్టుకుని నిలబడింది. ఓబులేసు సార్ ఫోన్ ఎత్తి పట్టాడు. అందరూ నీలవేణి వైపు చూశారు.

"ముందు మీరు సార్," అంది నీలవేణి, ఆ గదిలో మాట్లాడే గొంతుతో. "తొమ్మిదో నిబంధన. చోటు మారింది కదా."

"ఓ, ఎస్," అన్నాడు ప్రభంజన్. అతనికీ గొంతు తగ్గింది. సర్దుకుని, పంచె సవరించుకుని, ఫోన్ ముందు నిలబడ్డాడు. గుండెనిండా గాలి పీల్చాడు.

ఎదురుగా ముప్ఫై వేల తలలు. అన్నీ పైకెత్తి ఉన్నాయి. దగ్గడం లేదు, నవ్వడం లేదు, పక్కవాళ్ళతో మాట్లాడటం లేదు. అతను వందల ఊళ్ళలో మాట్లాడాడు. మీ తలలెత్తండి, కదలకండి, నన్నే చూడండి అని ప్రతి ఊళ్ళోనూ గొంతు చించుకున్నాడు. ఒక్క ఊళ్ళోనూ ఇంతగా విన్నవాళ్ళు లేరు. పక్కన కదిరమ్మ వేలు ఇంకా పెదాల మీదే ఉంది. పీల్చిన గాలి ఎటు పోయిందో గాని, నోరు తెరిస్తే గాలి కూడా సరిగా రాలేదు.

"నేను మారాను," అన్నాడు ప్రభంజన్, దేవుడి గదిలో తప్పు ఒప్పుకుంటున్నట్టు.

'ప్రమాణ స్వరం నమోదైనది.'

అతను ఉలిక్కిపడి ఫోన్ వైపు చేయి చాచాడు. "ఆగండాగండి, అది కాదు, మళ్ళీ..." ఇదంతా గుసగుసలోనే. ఓబులేసు సార్ ఫోన్ తిప్పి చూపించాడు. 'ఒక ప్రదేశమునకు ప్రమాణ స్వరం ఒక్కసారి మాత్రమే.'

నీలవేణి ముందుకొచ్చింది. గొంతు పెంచలేదు, తగ్గించలేదు. రోజూ ఆ గదిలో "అవ్వా, ఆకు అయిపోయింది" అని ఎలా చెబుతుందో అలాగే చెప్పింది.

"నేను మారాను."

ఫోన్‌లో ఒక చక్రం తిరిగింది. తిరుగుతూనే ఉంది. ఈశ్వరమ్మ కళ్ళు మూసుకుంది. మసక గదిలో ఆకుపచ్చ వెలుగు లేచి తట్టల మీద పడింది.

'అభినందనలు! పూర్వస్థితి రెండు శాతం. ఉత్తరస్థితి నూరు శాతం. వికాసం తొంభై ఎనిమిది. హాల్ టికెట్ వెలువడినది.'

ఓబులేసు సార్ చప్పట్లు కొట్టబోయి, రెండు అరచేతులు ఒకదానికొకటి తగలకముందే ఆపుకున్నాడు. విశాలాక్షి మేడం తెర మీద అంకెలు రెండుసార్లు చదివింది. "రాష్ట్రంలోనే ఫస్టు," అంది గాలిలోకి, పెదాలు మాత్రం కదిలిస్తూ, వెంటనే సంతకం పెట్టేసింది. ఈశ్వరమ్మ గుమ్మంలోంచి కదలకుండా కొంగుతో మొహం కప్పుకుంది.

ప్రభంజన్ మాత్రం నీలవేణి వైపే చూస్తున్నాడు.

"మీరు కూడా కొంచెం గట్టిగానే అన్నారు సార్," అంది నీలవేణి మెల్లగా. "అయినా పర్వాలేదు. ఒక్క పురుగు కూడా కదల్లేదు."

అవ్వ అతని కోటూ మైకూ తెచ్చి చేతిలో పెట్టింది. ప్రతి బడి నుంచీ వెళ్ళేటప్పుడు అతను ఆఖరున చెప్పే మాట ఒకటుంది, మీలో ఒక పులి అని మొదలవుతుంది. అది చెప్పడానికి నోరు తెరిచాడు. కదిరమ్మ వేలు ఎత్తింది. అతను తట్టల వైపు ఒకసారి చూసి నోరు మూశాడు. గడప దగ్గర వంగి, బూట్లు చేతిలోకి తీసుకుని, భుజాల మీది పంచె తిరిగి ఇవ్వడం కూడా మరిచిపోయి, వట్టి కాళ్ళతో, మాట లేకుండా ఇంట్లోంచి వెళ్ళిపోయాడు.